ధరలు మండుతున్న వేళ ప్రభుత్వ సాయాన్ని ఇంటిదాకా రప్పించుకోవడం ఎలా?

నెల సరుకుల చీటీలో వస్తువులు అవే ఉంటున్నాయి, కింద వేసే మొత్తం మాత్రం పెరుగుతూ పోతోంది. ప్రభుత్వాలు చేతులు కట్టుకుని కూర్చున్నాయని అనలేం. కేంద్రం ఉచిత బియ్యాన్ని 2024 జనవరి నుంచి మరో ఐదేళ్లకు పొడిగించింది. తెలంగాణలో 500 రూపాయలకు సిలిండర్, 200 యూనిట్ల దాకా జీరో కరెంటు బిల్లు, రేషన్‌లో సన్నబియ్యం ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఏటా మూడు ఉచిత సిలిండర్లు, బడికెళ్లే పిల్లల తల్లులకు తల్లికి వందనం. ఆడవాళ్లకు ఉచిత బస్సు రెండు చోట్లా ఉంది. ఇవన్నీ మీరు పేపర్లో చదివినవే.

చదివినవి ఇంటికి చేరుతున్నాయా అన్న దగ్గరే వస్తుంది పేచీ. "పక్కింటి వాళ్లకు పడ్డాయి, మాకు పడలేదు" అనే మాట ఏ వీధిలోనైనా వినిపిస్తుంది. కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చే ఇరుగుపొరుగు వాళ్లలో ఎక్కువమందికి అర్హత ఉంటుంది. కానీ రేషన్ కార్డు అత్తగారి పేరు మీద, గ్యాస్ మామగారి పేరు మీద, మీటరు ఇంటి ఓనరు పేరు మీద, డబ్బు పడాల్సిన ఖాతా ఎప్పుడో మూలనపడ్డ బ్యాంకులో ఉంటుంది. ఈ ముక్కలన్నీ ఒకే ఇంటివని కంప్యూటర్‌కు ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పే పని మీదే. కింద రాసిన వరసలోనే చేయండి. ముందుది సరిగా లేకుండా తర్వాతది చేస్తే మళ్లీ మొదటికే వస్తారు. లెక్కలన్నీ 2025 నాటి నిబంధనల ప్రకారం రాసినవి.

1. ముందు ఒక కాగితం రాయండి

పాత నోటుబుక్కులో ఒక పేజీ చాలు. రేషన్ కార్డు నంబరు, అందులో ఎవరెవరి పేర్లు ఉన్నాయో, ఒక్కొక్కరి ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు లింకయి ఉందో, గ్యాస్ కన్స్యూమర్ నంబరు ఎవరి పేరు మీద ఉందో, కరెంటు బిల్లు మీది సర్వీస్ నంబరు, ఇంట్లో వాళ్లందరి బ్యాంకు ఖాతాలు రాయండి. ఆధార్‌కు లింకయిన సిమ్ ఇప్పుడు పనిచేస్తోందా లేదా అన్నది మర్చిపోకుండా చూడండి. ఓటీపీ రాకపోతే ఇక్కడ చెప్పే వాటిలో సగం పనులు ఆగిపోతాయి. సిమ్ మారిపోయి ఉంటే ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి నంబరు మార్పించుకోండి.

పేజీ రాసేటప్పుడే తేడాలు కంటపడతాయి. కార్డులో "లక్ష్మి", ఆధార్‌లో "మహాలక్ష్మి" అని ఉంటే దాని పక్కన ఎర్ర గీత గీయండి.

2. రేషన్ కార్డును సరిచేసుకోండి

బియ్యం అక్కర్లేదని కార్డును పట్టించుకోని ఇళ్లు చాలా ఉన్నాయి. ఇప్పుడు ఆ కార్డు బియ్యానికి మించిన పని చేస్తోంది. గ్యాస్ రాయితీకీ, జీరో బిల్లుకీ, ఆంధ్రలో ఉచితంగా ఇచ్చే దీపం సిలిండర్‌కీ అదే గుమ్మం.

తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి కార్డులో ఉన్న ఒక్కో మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. బయట సన్నబియ్యం కిలో యాభై రూపాయలని తక్కువలో తక్కువ లెక్కేసుకున్నా నెలకు 1,200 మిగులుతుంది. కోడలి పేరో, పుట్టిన బిడ్డ పేరో కార్డులో ఎక్కించకపోతే ఆ మేరకు ప్రతి నెలా పోగొట్టుకుంటున్నట్టే.

పేరు చేర్చడానికి తెలంగాణలో మీసేవకు వెళ్లాలి. కొత్త కార్డుకు వార్షికాదాయం పల్లెలో లక్షన్నర, పట్టణంలో రెండు లక్షలు మించకూడదు. ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయంలో చేస్తారు. మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009కి మెసేజ్ పెట్టి కూడా చాలా సేవలు అందుకోవచ్చు. పెళ్లయి వచ్చిన అమ్మాయి పేరు ముందు పుట్టింటి కార్డులోంచి తీయించాలి. అది చేయకుండా అత్తింటి కార్డులో చేర్చమంటే అర్జీ తిరిగొస్తుంది. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే.

ఆ తర్వాత ఈకేవైసీ, అంటే కార్డులో ఉన్నది మీరేనని రుజువు చేయడం. డీలరు దగ్గర ఈపాస్ మిషన్ మీద ఇంట్లో ప్రతి ఒక్కరూ వేలిముద్ర వేయాలి. పనికోసం వేరే ఊళ్లో ఉన్నవాళ్లు ఈ పనికోసం ఊరికి రానక్కర్లేదు, ఉన్నచోటే రేషన్ షాపులో వేయొచ్చు. పిల్లల వేలిముద్రలు పడటం లేదంటే ఐదేళ్ల తర్వాత, పదిహేనేళ్ల తర్వాత చేయించాల్సిన బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించలేదని అర్థం.

ఇంకో మాట. ఆరు నెలలు వరసగా సరుకు తీసుకోని కార్డును తాత్కాలికంగా ఆపేయాలని కేంద్రం 2025 జూలైలో నిబంధన తెచ్చింది. కాబట్టి అప్పుడప్పుడైనా తీసుకోండి. శ్రీకాకుళం కార్డు ఉన్న వాళ్లు హైదరాబాద్‌లో ఉంటే ఒకే దేశం ఒకే రేషన్ కింద కేంద్రం వాటా బియ్యాన్ని ఇక్కడి షాపులో తీసుకోవచ్చు. అలా తీసుకున్నా కార్డు వాడుకలో ఉన్నట్టే.

3. డబ్బు ఏ ఖాతాలో పడుతుందో తేల్చుకోండి

నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ టైమ్ పెట్టాల్సిన పని ఇదే. మీరు దరఖాస్తులో ఏ ఖాతా నంబరు రాసినా, ఆధార్ ఆధారంగా వేసే డబ్బు ఆ నంబరు చూసి పడదు. ఎన్‌పీసీఐ అనే, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ దగ్గర ఒక్కో ఆధార్‌కు ఒక్కో బ్యాంకు పేరు నమోదై ఉంటుంది. మీరు ఆఖరుగా ఏ బ్యాంకులో ఆధార్ సీడింగ్ (సాయం డబ్బు పడేందుకు ఖాతాను ఆధార్‌కు కట్టడం) చేయించారో ఆ బ్యాంకే అక్కడ ఉంటుంది (దీన్నే మ్యాపింగ్ అంటారు), డబ్బు అక్కడికే వెళ్తుంది.

ఒక ఇల్లాలి ఖాతాలు చూడండి. డ్వాక్రా సంఘం కోసం ఒకటి, ఉపాధి హామీ కూలి కోసం ఒకటి, జన్‌ధన్ రోజుల్లో ఎవరో వచ్చి తెరిపించింది ఒకటి. ఆవిడ రోజూ వాడేది మొదటిది. ఆధార్ పట్టుకున్నది మూడోదాన్ని, దాని పాస్‌బుక్ ఎక్కడుందో కూడా తెలియదు. గ్యాస్ డబ్బు, పిల్లవాడి డబ్బు ఆ మూడో ఖాతాలో పడి ఉంటాయి. ఆవిడేమో పడలేదని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటుంది.

తేల్చుకోవడం తేలిక. మైఆధార్ సైట్‌లో ఆధార్ నంబరు, ఓటీపీ ఇచ్చి లోపలికి వెళ్తే "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" అని ఉంటుంది. బ్యాంకు పేరు, యాక్టివ్‌గా ఉందో లేదో చూపిస్తుంది. అక్కడ కనిపించిన బ్యాంకు మీరు వాడేదే అయితే సరే. వేరేది అయితే మీరు వాడే బ్యాంకుకు ఆధార్, పాస్‌బుక్ తీసుకెళ్లి "ఎన్‌పీసీఐ మ్యాపింగ్ మార్చాలి" అని అదే మాటల్లో అడగండి. "ఆధార్ లింక్ చేయండి" అని మాత్రం అంటే కేవైసీ కోసం లింక్ చేసి పంపించేస్తారు, మ్యాపింగ్ అలాగే ఉండిపోతుంది. రెండూ వేరు. ఇచ్చిన ఫారం మీద ముద్ర వేయించుకుని ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. కొన్ని రోజుల తర్వాత మళ్లీ సైట్‌లో చూసుకోండి.

స్టేటస్ ఇన్‌యాక్టివ్ అని వస్తే చాలాసార్లు లావాదేవీలు లేక ఖాతా నిద్రపోయి ఉంటుంది. బ్యాంకుకు వెళ్లి కేవైసీ ఇచ్చి ఖాతాను మళ్లీ పనిచేయించుకోవాలి. లేదంటే పోస్టాఫీసులో ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరిచి సీడింగ్ చేయించుకోవచ్చు. పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి కూడా తెరుస్తాడు కాబట్టి పల్లెల్లో పెద్దవాళ్లకు ఇదే సులువు.

4. గ్యాస్

హైదరాబాద్‌లో 2025 ఏప్రిల్ పెంపు తర్వాత సిలిండర్ 905 రూపాయలైంది. తెలంగాణలో 500 పథకంలో ఉన్నా బండి వచ్చినప్పుడు ముందు మొత్తం ధర కట్టాలి. మిగతాది తర్వాత ఖాతాలో పడుతుంది. ఏడాదికి ఎన్ని సిలిండర్లకు ఇస్తారన్నది గత మూడేళ్లలో మీరు వాడిన సగటును బట్టి ఉంటుంది. అంతకు మించి తీసుకున్న వాటికి రాయితీ రాకపోతే తప్పు జరిగిందని కంగారుపడకండి. బండి అబ్బాయి దగ్గర రసీదు అడిగి తీసుకోండి. రాయితీ పడని నెలలో ఆ తేదీయే మీకు ఆధారం.

ఆంధ్రలో దీపం-2 కింద ఏడాదికి మూడు. 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో మొదలుపెట్టారు. మూడూ ఎప్పుడు పడితే అప్పుడు తీసుకునేవి కావు. ఏప్రిల్ నుంచి జూలై, ఆగస్టు నుంచి నవంబరు, డిసెంబరు నుంచి మార్చి, ఒక్కో గడువులో ఒకటి. చిన్న కుటుంబాల్లో సిలిండర్ ఐదు నెలలు వస్తుంది, "ఇంకా అయిపోలేదులే" అని ఊరుకుంటారు. గడువు దాటితే ఆ ఉచిత సిలిండర్ పోయినట్టే. జూలై, నవంబరు, మార్చి నెలల మొదటి వారంలో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని, రెండో సిలిండర్ ఖాళీగా ఉంటే బుక్ చేసేయండి. ఇక్కడ కూడా ముందు డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది.

పేదింటి ఆడవాళ్లకు కేంద్రం ఇచ్చే ఉజ్వల కనెక్షన్ ఉంటే కేంద్రం సిలిండర్‌కు 300 ఇస్తుంది. 2025-26లో తొమ్మిది సిలిండర్ల దాకా అని పరిమితి పెట్టారు. ఏటా ఒకసారి ఈకేవైసీ కూడా అడుగుతున్నారు. ఏజెన్సీ ఆఫీసుకు వెళ్లో, కంపెనీ యాప్‌లో ముఖం చూపించో పూర్తిచేయండి.

కనెక్షన్ చనిపోయిన మామగారి పేరు మీదే నడుస్తుంటే వెంటనే మార్పించండి. మరణ ధ్రువపత్రం, వారసుల ఒప్పుకోలు కాగితం, కొత్త పేరు మీద కేవైసీ ఇస్తే ఏజెన్సీలో చేస్తారు. ఈ పని వాయిదా వేసినన్నాళ్లూ రాయితీ డబ్బు లేని మనిషి ఖాతా వైపు చూస్తుంటుంది.

5. కరెంటు: ఒక్క యూనిట్ ఎంత ఖరీదు?

తెలంగాణ గృహజ్యోతిలో రేషన్ కార్డు ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తుంది. అద్దెకున్న వాళ్లకూ వర్తిస్తుంది. మీ రేషన్ కార్డు నంబరును మీరున్న పోర్షన్ సర్వీస్ నంబరుతో కలపాలి, అంతే. మీటరు అద్దెకున్న వాళ్ల పేరు మీదికి మారిపోతుందేమోనని కొందరు ఓనర్లకు భయం. బిల్లు మీద పేరు మారదని నెమ్మదిగా చెప్పండి. ఇదివరకు దరఖాస్తు చేయని వాళ్లు, చేసినా బిల్లు వస్తున్న వాళ్లు ఎంపీడీఓ ఆఫీసులో గానీ మున్సిపల్ ఆఫీసులో గానీ ఉన్న ప్రజాపాలన కౌంటర్‌లో కార్డు, ఆధార్, కరెంటు బిల్లు ఇవ్వాలి.

200 దాటితే ఏమవుతుందో చూడండి. 200 యూనిట్లు వాడిన నెలలో కట్టేది సున్నా. 201 వాడితే పై ఒక్క యూనిట్‌కే కట్టించుకుని వదలరు, మొత్తానికి బిల్లు వేస్తారు. 200 దాటిన శ్లాబులో మొదటి 200కి యూనిట్ 5.10 చొప్పున 1,020, ఆపై యూనిట్‌కు 7.70, కలిపి 1,027 రూపాయల 70 పైసలు. దాని మీద కస్టమర్ చార్జీలు, సుంకం వేరే. ఆ ఒక్క యూనిట్ బహుశా ఎవరో మర్చిపోయి అరగంట వదిలేసిన గీజరు కావచ్చు.

కాబట్టి మీటరు చూడటం నేర్చుకోండి. రీడింగ్ తీసే ఆయన వచ్చిన రోజున మీటరు తెరమీద కేడబ్ల్యూహెచ్ అని వచ్చినప్పుడు కనిపించే అంకె రాసుకోండి. పదిహేను రోజుల తర్వాత మళ్లీ చూడండి. తేడా వంద లోపు ఉంటే టెన్షన్ లేదు. 120 ఉంటే మిగతా సగం నెల కాస్త చూసుకోవాలి. ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు ఒక యూనిట్, పాతదైతే ఇంకా ఎక్కువ లాగుతుంది. రెండు కిలోవాట్ల గీజరు అరగంటకు ఒక యూనిట్. ఇస్త్రీ పెట్టె గంటకు ఒకటి. రోజంతా తిరిగే పాత ఫ్యాను రెండు యూనిట్లకు దగ్గరగా తీసుకుంటే, బీఎల్‌డీసీ ఫ్యాను ముప్పావు యూనిట్‌తో సరిపెడుతుంది. మూడు ఫ్యాన్లున్న ఇంట్లో ఈ మార్పు ఒక్కటే ఏప్రిల్, మే నెలల్లో మిమ్మల్ని గీత ఇవతల ఉంచగలదు. బిల్లు మీద ఎన్ని రోజులకు రీడింగ్ తీశారో కూడా చూడండి. ముప్పై రోజులు బాగా దాటిపోతే 1912కి ఫోన్ చేసి అడగండి.

సొంత డాబా ఉండి నెలకు మూడు వందల యూనిట్లు దాటి వాడేవాళ్లు ఇంటి మీద సోలార్ పెట్టుకోవడానికి కేంద్రం రాయితీ ఇచ్చే పీఎం సూర్యఘర్ గురించి ఆలోచించవచ్చు. కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు, ఆపైన ఎంతున్నా 78,000 రాయితీ. జీరో బిల్లు వస్తున్న ఇంటికి అప్పు చేసి సోలార్ పెట్టించడం నా దృష్టిలో అనవసరం, ఏజెంట్ ఎంత చెప్పినా సరే.

6. ఆంధ్రలో ఉంటే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ చూసుకోండి

సచివాలయం రికార్డుల్లో మీ ఇల్లు ఎవరెవరితో కలిపి నమోదైందో అదే మ్యాపింగ్. రేషన్ కార్డులో విడిపోయినా ఇక్కడ కలిసే ఉండొచ్చు. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఆదాయపు పన్ను కడుతుంటాడు, అతని పేరు ఇంకా ఊళ్లో అమ్మానాన్నలతోనే ఉంటుంది. అతని పన్ను చూసి ఇంట్లో వాళ్ల పథకాలు ఆగిపోతాయి.

తల్లికి వందనం 2025 జూన్‌లో విడుదలైంది. ఒక్కో విద్యార్థికి 15,000లో 2,000 బడి నిర్వహణకు పోను 13,000 తల్లి ఖాతాలో వేశారు. నిబంధనల్లో ఆదాయం, భూమి, కారుతోపాటు కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదన్నది ఉంది. ఇక్కడ అద్దె ఇళ్ల వాళ్లు, ఇళ్లు అద్దెకిచ్చిన వాళ్లు ఇద్దరూ దెబ్బతిన్నారు. ఐదు పోర్షన్ల మీటర్లన్నీ ఒకరి ఆధార్‌కే తగిలించి ఉంటే ఐదింటి వాడకం వాళ్ల నెత్తినే పడుతుంది.

సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ను కలిసి "ఏ కారణంతో అనర్హులమని వచ్చింది" అని అడగండి, స్క్రీన్ మీద చూసి చెప్తారు. మీటర్ల గొడవ అయితే కరెంటు సెక్షన్ ఆఫీసుకు వెళ్లి మీది కాని సర్వీస్ నంబర్లను మీ ఆధార్ నుంచి తీయించండి. వాళ్లిచ్చిన కాగితంతో సచివాలయంలో గ్రీవెన్స్ (ఫిర్యాదు) పెట్టించండి. మీటర్లు తీయించకుండా గ్రీవెన్స్ పెడితే కంప్యూటర్ మళ్లీ అదే జవాబు చెప్తుంది. పెళ్లయి విడిగా ఉంటున్న కొడుకును మ్యాపింగ్‌లో విడదీయడానికి పెళ్లి ధ్రువపత్రం తీసుకెళ్లండి.

7. బస్సు

ఉచిత బస్సు ఎక్కే ఆడవాళ్లు ఆధార్ లాంటి ఒరిజినల్ గుర్తింపు కార్డు పర్సులో పెట్టుకోండి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే కండక్టర్ కాదనొచ్చు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి వీటితోపాటు అల్ట్రా పల్లెవెలుగులో ఉచితం. జీరో టికెట్ అడిగి తీసుకోవాలి, తీసుకోకపోతే చెకింగ్‌లో ఇబ్బంది. ఒక రాష్ట్రం కార్డు ఇంకో రాష్ట్రంలో చెల్లదు.

8. షాపులో తగ్గిన పన్ను మీకు తగ్గిందా?

2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి వచ్చింది. నెయ్యి, వెన్న, చాలా మందులు 12 నుంచి 5కి వచ్చాయి. సొంతంగా తీసుకునే ఆరోగ్య బీమా, జీవిత బీమా మీద పన్నే లేదు. అసలు ధర వంద ఉన్న షాంపూ ఇదివరకు 118కి వచ్చేది, ఇప్పుడు 105కి రావాలి. పాత ప్యాకెట్టు మీద పాత ఎమ్మార్పీ ఉన్నంత మాత్రాన పాత ధర ఇవ్వాలని లేదు. నెల సరుకుల్లో మీరు ప్రతిసారీ కొనే ఐదారు వస్తువుల పాత బిల్లు, కొత్త బిల్లు పక్కపక్కన పెట్టుకుంటే ఎక్కడ తగ్గలేదో తెలిసిపోతుంది. బిల్లు ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు.

కూరగాయలకు రైతుబజారు ఇప్పటికీ మంచిదే. గేటు దగ్గర బోర్డు మీద ఆ రోజు ధరలు ఉంటాయి. బోర్డును మించి అడిగితే అక్కడే ఎస్టేట్ ఆఫీసర్ ఉంటారు, చెప్పడానికి మొహమాటపడకండి. కందిపప్పు, ఉల్లి, టమాటా బాగా పెరిగినప్పుడు ప్రభుత్వాలు రాయితీ కౌంటర్లు పెట్టేది కూడా ఎక్కువగా ఇక్కడే. 2024 జూలైలో ఆంధ్రలో కిలో కందిపప్పు 160కి అమ్మారు. ఇలాంటివి ఎక్కువ రోజులు ఉండవు, వార్త చూసిన వారంలోనే వెళ్లాలి.

9. అన్నీ సరిగా ఉన్నా డబ్బు పడకపోతే

ముందు ఫోన్ చేయండి. రేషన్‌కు, దీపం సిలిండర్‌కు 1967. కరెంటుకు 1912. గ్యాస్ కంపెనీలకు 1800 2333 555. ఫోన్ పెట్టేసే ముందు ఫిర్యాదు నంబరు అడిగి మొదట రాసిన ఆ పేజీ వెనకాల తేదీతో రాసుకోండి.

ఈ పనుల్లో ఉండగా మీ ఫోన్‌కు "మీ సబ్సిడీ ఆగిపోయింది, ఈ లింక్ నొక్కండి" అని మెసేజ్‌లు రావచ్చు. వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) పంపి ఇన్‌స్టాల్ చేయమనొచ్చు. ఏ ప్రభుత్వ ఆఫీసూ అలా పంపదు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, కౌంటర్‌లో మీ ఎదురుగా కూర్చుని టైప్ చేస్తున్న మనిషి తప్ప.

ఫోన్‌తో పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఆ రోజే జరుగుతాయి. ఆంధ్రలో 1100కి ఫోన్ చేసి కూడా అర్జీ నమోదు చేయించవచ్చు. హైదరాబాద్ ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాలు అర్జీలు తీసుకుంటారు. అర్జీ ఒక పేజీ దాటనివ్వకండి. పథకం పేరు, కార్డు నంబరు, ఎప్పటి నుంచి రావడం లేదు, ఇదివరకు ఎక్కడ ఫిర్యాదు చేశారు, ఆ నంబర్లు. బ్యాంక్ సీడింగ్ స్టేటస్ ప్రింటు, పాస్‌బుక్ జిరాక్సు జతచేయండి. కష్టాలన్నీ ఏకరువు పెడితే చదివే ఆఫీసరుకు అసలు విషయం దొరకదు.

కొన్నాళ్లకు "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. ఖాతాలో ఏమీ పడి ఉండదు. ఇది మామూలే, అక్కడితో వదిలేయకండి. అర్జీని మళ్లీ తెరవమని అడగండి, కుదరదంటే కొత్త అర్జీలో మొదటి లైన్‌లోనే పాత నంబరు, అది మూసేసిన తేదీ రాసి, ఆ తేదీ దాటిన తర్వాత తీసిన బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేసి ఇవ్వండి.